ఓడెక్కిన గుర్రానికి కప్పినదేమి?

గడచిన వైశాఖంలో మా వీధి పెళ్లికి ఒక తెల్ల గుర్రాన్ని మూసిన వ్యానులో తెచ్చారు. తలుపు తీసేసరికి దాని వీపున జరీ కుట్టిన ఎర్ర ముఖమలు గుడ్డ. వ్యాను రేకు తాకితే చేయి కాలుతున్నది. గుడ్డ తొలగించగానే గుర్రం డొక్కల మీదుగా చెమట ధార కట్టింది. "దారిలో కూడా ఇదెందుకయ్యా?" అని అడిగితే, "దిగుతూనే ముస్తాబుగా కనబడాలండీ పంతులుగారూ, లేకుంటే డబ్బు కోసేస్తారు" అన్నాడు గుర్రపువాడు.

నాకు వెంటనే న్యూనిజ్ గుర్తుకు వచ్చాడు. 1535 ప్రాంతంలో విజయనగర చరిత్ర వ్రాసిన పోర్చుగీసువాడు. 1900లో స్యూయెల్ దానిని ఆంగ్లంలోకి తెచ్చాడు. అందులో సాళువ నరసింహుని గురించి ఒక ముక్క ఉన్నది. ఆయన హోర్ముజు, ఏడెన్ రేవుల నుండి గుర్రాలను రప్పించి, వెయ్యి పర్దావులకు మూడు చొప్పున, చచ్చినా బ్రతికినా కొనేవాడట. సముద్రంలో చచ్చినదానికి తోక మాత్రం తెచ్చి చూపితే చాలు, బ్రతికిన గుర్రం ధరే ఇచ్చేవాడట!

ఇది ఆయన కనిపెట్టిన పద్ధతీ కాదు. అంతకు రెండు వందల ఏళ్ల క్రితమే పాండ్యులు, దారిలో చచ్చిన గుర్రాలకు కూడా బొక్కసం నుండి వెల చెల్లించారని పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ వ్రాశాడు. వర్తకులు శత్రువుల రేవుకు పోకుండా చూసుకోవడమే ఇందులోని రాజనీతి. ఆముక్తమాల్యదలో రాయలవారు చెప్పినదీ ఆ నీతే. దూరదేశాల నుండి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించమన్నారు. ఆ పద్యాన్ని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. గుర్రం ఎలా వచ్చిందని ఒక్కనాడైనా నేను అడుగలేదు, పిల్లలూ అడుగలేదు.

ఎలా వచ్చిందో మార్కో పోలో చెబుతాడు. హోర్ముజు ఓడలకు ఇనుప మేకులుండవు, కొబ్బరి పీచు త్రాళ్లతో పలకలను కుట్టేవారు. పై అంతస్తు లేదు. సరుకంతా నింపి, దానిపై తోళ్లు పరచి, ఆ తోళ్ల మీద గుర్రాలను నిలబెట్టేవారు. గమనించారా? కప్పు సరుకుకే. గుర్రానికి పైన ఎండ, ప్రక్కల నుండి ఉప్పునీటి తుంపర. తోక చూపితే సొమ్ము వచ్చేచోట కంబళి ఎంచుకొనే శ్రమ ఎవడు పడతాడు?

మన పండితుల మాటలు కూడా అటువంటివే. పక్కెర యుద్ధానికి, పల్యాణం స్వారికి, అమరకోశంలోని కుథం ఏనుగు అలంకారానికి. ప్రయాణంలో జంతువు ఒంటికి ఏది హితమో గొర్రెల కాపరికే ఎక్కువ తెలుసు. అతని గొంగడి తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుతుంది.

అయితే గొంగడి కూడా అన్నివేళలా పనికిరాదు. గుర్రం మనలాగే చెమటతో ఒళ్లు చల్లబరచుకొంటుంది. మూసిన బండిలో దాని ఒంటి వేడికే గాలి వేడెక్కుతుంది. కాబట్టి ఎండాకాలం ఏమీ కప్పకపోవడమే మేలు, ఈగల బాధ ఉంటే పలుచని నూలుగుడ్డ చాలు. చెమట పట్టిన గుర్రానికి చలిగాలి తగులుతుంటే, చెమటను పీల్చి బయటికి వదిలే ఉన్నిబట్ట కావాలి. దళసరి కప్పు నిజమైన చలికే. పొట్ట క్రింది పట్టీ వ్రేలాడితే కాలికి చుట్టుకొంటుంది. భుజం వద్ద గుడ్డ క్రిందికి చేయి దూర్చి చూస్తే, అది చాలో ఎక్కువో తెలిసిపోతుంది.

ఇదంతా గుర్రపువానికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. బాజాలు మొదలయ్యాయి. గోనెసంచితో గుర్రం వీపు తుడిచి, అదే ముఖమలు గుడ్డను, ఇంకా తడి ఆరనిదానిని, మళ్లీ కప్పాడు.