ప్రాథమిక పాఠశాలలో ఆంగ్ల వ్యాకరణ బోధన

ఆంగ్లమునందు పదములు పొందు రూపభేదములను, వాక్యములో అవి నిలుచు వరుసను, ఆ వరుస మారినపుడు అర్థము మారు విధమును ఐదవ తరగతి లోపలి బాలబాలికలకు అలవరచుటకు ప్రాథమిక దశలోని ఆంగ్ల వ్యాకరణ బోధన యని పేరు. ఇంటిలో ఆంగ్లమునే వినుచు పెరిగిన పిల్లలకు ఇది తమకు వచ్చినదానిని తాము గుర్తెఱుగుట. తెలుగులో పలుకనేర్చి బడికి వచ్చిన పిల్లలకు ఇది క్రొత్తభాష యొక్క కట్టుబాటును మొదటినుండి చేపట్టుట. ఈ రెండు స్థితులకుగల అంతరమును గమనింపక, మొదటివారికై పుట్టిన పాఠములను రెండవవారికి యథాతథముగా అప్పగించుటయే మన పాఠశాలలలో ఈ విద్య పెక్కుమందికి క్లేశహేతువగుటకు ముఖ్యకారణము.

చరిత్ర

ఆంగ్లమునకు తొలి వ్యాకరణమును విలియం బులోకర్ 1586లో ప్రకటించెను. తరువాతి కాలమున రాబర్ట్ లౌత్ 1762లోను, లిండ్లీ మరే 1795లోను వెలువరించిన వ్యాకరణములు పాఠశాలలలో ప్రామాణ్యము వహించినవి. వీనికి లాటిన్ వ్యాకరణమే ఒరవడి యగుటచే, భాషాభాగముల నిర్వచనములను కంఠస్థము చేయుటయు, వాక్యములోని ప్రతిపదమునకు లింగవచనాదులను వరుసగా చెప్పు ‘పార్సింగ్’ అను అభ్యాసమును బోధనకు సర్వస్వములైనవి. 1835లో ఆంగ్లవిద్యకు ప్రభుత్వపోషణము లభించిన పిమ్మట ఈ సంప్రదాయమే భారతదేశమునకును వచ్చెను. నెస్‌ఫీల్డు వ్యాకరణమును, అటుపిమ్మట రెన్, మార్టిన్ అను ఇరువురు కూర్చిన వ్యాకరణమును మన ఉన్నత పాఠశాలలలో తరతరముల విద్యార్థులు చదివిరి. పెద్ద తరగతులకై వ్రాయబడిన ఆ గ్రంథములయందు దోషము లేదు; వాని పద్ధతి అక్షరములు దిద్దుకొను పిల్లల తరగతులకు దిగివచ్చుటయే దోషము.

ఇరువదవ శతాబ్దమున హెరాల్డ్ పామర్, వంగదేశమున పనిచేసిన మైకేల్ వెస్ట్ మున్నగువారు పదములను, వాక్యనిర్మాణములను సులభమైనవి ముందును కఠినమైనవి వెనుకను వచ్చునట్లు పేర్చి, నియమమును వల్లించుటకంటె వాక్యమును మరల మరల పలుకుటయే మేలని నిరూపింప బూనిరి. ఈ భావముల ఫలమైన ‘స్ట్రక్చరల్’ పద్ధతి 1950వ దశాబ్దమున మద్రాసు రాష్ట్రపు బడులలో ప్రవేశించినది. 1958లో హైదరాబాదున నెలకొల్పబడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ (నేటి ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉపాధ్యాయశిక్షణకు కేంద్రమైనది. 1979 నుండి 1984 వఱకు ఎన్.ఎస్. ప్రభు దక్షిణభారతమునందలి కొన్ని పాఠశాలలలో నడపిన బెంగుళూరు ప్రణాళిక ఇంకను ముందునకు సాగి, వ్యాకరణపాఠమను పేరే లేకుండ, పటములను పరిశీలించుట, రైళ్ళ వేళలపట్టికను చూచి ప్రశ్నలకు బదులు చెప్పుట వంటి పనులద్వారా, మనస్సు అర్థమున లగ్నమై యుండగా వ్యాకరణము తానై అబ్బునను సిద్ధాంతమును ప్రతిపాదించినది. ఇంగ్లండులో ఇందుకు ప్రతిముఖమైన మార్గము కానవచ్చును. అచట 2013 నుండి ప్రాథమికవిద్య ముగించు పిల్లలకు వ్యాకరణము, విరామచిహ్నములు, వర్ణక్రమము అను విషయములలో ప్రత్యేకపరీక్ష ఏర్పడినది. 2014 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక ఏ యేట ఏ పారిభాషికపదములను నేర్వవలెనో నిర్దేశించినది. పేర్లు తెలిసినంత మాత్రమున పిల్లల రచన మెఱుగుపడునా యను వాదము అచట నేటికిని సాగుచున్నది.

శిశువునందలి వ్యాకరణజ్ఞానము

నియమమును చెప్పలేనివాడు నియమము నెఱుగనివాడు కాడు. 1958లో జీన్ బెర్కో అను పరిశోధకురాలు నాలుగు మొదలు ఏడేండ్ల వఱకుగల, ఆంగ్లము పలుకు శిశువులకు ఒక కల్పితజంతువు బొమ్మను చూపి, దాని పేరు ‘వగ్’ అని చెప్పి, అట్టివి రెండున్నచో ఏమందురని అడుగగా, మున్నెన్నడును ఆ మాట విననివారయ్యును పెక్కుమంది ‘వగ్జ్’ అని సరిగా పలికిరి. బహువచనమను శబ్దమే తెలియని పిల్లలయందు బహువచనసూత్రము సజీవమై యుండెనని దీనివలన రుజువైనది. 1973లో రోజర్ బ్రౌన్ ముగ్గురు శిశువుల భాషాభివృద్ధిని వివరించుచు, ‘ఇంగ్’ అను ప్రత్యయము వారికి ముందుగా వశపడుననియు, ‘హీ కమ్స్’ అనుచోట క్రియ చివరనుండు ‘స్’ కారము చాల ఆలస్యముగా స్థిరపడుననియు చూపెను. ఆంగ్లము పుట్టుభాషయైన పిల్లలకే అంత ఆలస్యముగా వచ్చు రూపమును తెలుగు బిడ్డ మూడవ తరగతిలో మఱచి ‘హీ గో’ అనినచో, దానిని అశ్రద్ధయని దండించుట అన్యాయము.

తెలుగు పిల్లలకు ఎదురగు ఘట్టములు

రెండు భాషల నిర్మాణములను సరిపోల్చి, అవి వేఱుపడుచోటులను గుర్తించి పాఠము కూర్చవలెనని రాబర్ట్ లాడో 1957లో వాదించెను. అట్లు పోల్చినచో మన పిల్లల చిక్కులలో పెక్కు ముందుగనే కనబడును. తెలుగువాక్యము క్రియతో ముగియును. ఆంగ్లమున క్రియ కర్తను వెన్నంటి వచ్చును. ‘ఇది పుస్తకము’ అనుటకు మనకు క్రియ యక్కఱలేదు. ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అనుటకు ‘ఈజ్’ తప్పదు. ‘వచ్చాను’ అను ఒక్క మాటలో కర్తయు తెలియును గాన మనము ‘నేను’ అనుటను మానవచ్చును. ఆంగ్లమున ‘ఐ’ లేనిదే వాక్యము నిలువదు. ‘వర్షము పడుచున్నది’ అనుటకుసైతము ‘ఇట్’ అను కర్తను నిలుపవలెను. ‘నాకు ఆకలిగా ఉన్నది’ అనుచోట అనుభవించువాడు ‘కు’ విభక్తితో నుండగా, ‘ఐ యామ్ హంగ్రీ’ అనుచోట అతడే కర్తయగును.

కాలముల విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. ‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’ అను రెండింటను మన క్రియారూప మొక్కటియే. ఆంగ్లమున మొదటిది ‘కమ్స్’, రెండవది ‘విల్ కమ్’. ప్రశ్నకు మనము క్రియ చివర ‘ఆ’ చేర్చి ‘వచ్చాడా?’ అందుము, ఆంగ్లము ‘డిడ్’ అను సహాయక్రియను ముందునకు తెచ్చి, ప్రధానక్రియను మూలరూపమున నిలుపును. ‘డిడ్ హీ కేమ్’ అను సర్వసాధారణమైన తప్పు భూతకాలమును రెండుచోట్ల చెప్పుటవలన కలుగుచున్నది. పాలు, నీళ్ళు తెలుగున బహువచనములు, ఆంగ్లమున ఏకవచనములు. కావున ‘మిల్క్ ఆర్’ అను పిల్లవాడు తన భాష నియమమును నిష్ఠతో పాటించుచున్నాడే కాని తెలివితక్కువవాడు కాడు.

మాతృభాష అడ్డుపడుచోటులే కాక తోడ్పడుచోటులును కలవు. ‘రెండు పుస్తకాలు’ అని సంఖ్య వెంట బహువచనమును వాడు అలవాటు ‘టూ బుక్స్’ అనుటకు నేరుగా అనుకూలించును. ‘బల్లమీద’ అనుచోట మీద వెనుకను, ‘ఆన్ ద టేబుల్’ అనుచోట ‘ఆన్’ ముందును నిలుచుననెడి ఒక్క భేదమును కంటికి చూపినచో, స్థలమును తెలుపు పదములు పెక్కు తేలికగా పట్టుపడును. అచ్చులు, హల్లులు అను విభాగమును ఓనమాలనాడే నేర్చిన మన పిల్లలకు, అక్షరమును కాక శబ్దమును పట్టి, అచ్చు వినబడినచోట ‘యాన్’, హల్లు వినబడినచోట ‘ఎ’ అని బోధించిన యెడల, ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’ అనునవి సూత్రమునకు మినహాయింపులుగా గాక సూత్రమునకు ఉదాహరణములుగనే తోచును.

బోధనాక్రమము

ఒకటి, రెండు తరగతులలో వ్యాకరణమను పేరు వినబడనవసరము లేదు. ఆజ్ఞలను విని ఆచరించుట, వస్తువులను చూపి ‘దిస్’, ‘దట్’ అనుట, ఒకటిని పెక్కింటిని వేఱుపఱచి పలుకుట, ఆటపాటలలో వాక్యములను మరల మరల అనుట, ఇవియే ఆ దశకు వ్యాకరణము. మూడవ తరగతిలో ‘ఈజ్–ఆర్’, ‘హాజ్–హావ్’ భేదములను, ‘ఇన్’, ‘ఆన్’, ‘అండర్’ అను పదములను వాక్యపట్టికలద్వారా అభ్యసింపజేయవచ్చును. నల్లబల్లపై కర్తలు ఒక నిలువువరుసలోను, క్రియలు వేఱొక వరుసలోను, తక్కిన మాటలు మూడవ వరుసలోను వ్రాసినచో, ఒక్కొక్క గడినుండి ఒక్కొక్క పదము నేరుకొని పిల్లలు పదుల కొలది శుద్ధవాక్యములను తామే నిర్మింతురు. నాలుగవ తరగతిలో కథలు చెప్పించుటవలన భూతకాలమును, పరస్పరసంభాషణమువలన ప్రశ్నరూపములును సహజముగా అవసరమగును.

ఐదవ తరగతిలో, అప్పటికి తెలుగు పాఠములలో పరిచయమైన నామవాచకము, సర్వనామము, క్రియ అను పేర్లనే ఆధారముగా గొని, ‘నౌన్’, ‘ప్రొనౌన్’, ‘వెర్బ్’ అను పేర్లు చెప్పవచ్చును. అచటను నియమమును ముందు చెప్పరాదు. ‘ఐ ప్లే’, ‘దే ప్లే’, ‘షీ ప్లేస్’, ‘రవి ప్లేస్’ అను వాక్యములను వరుసగా వ్రాసి, ఏది మాఱినది, ఎప్పుడు మాఱినది అని అడిగినచో, సూత్రమును పిల్లలే చెప్పుదురు. తాము కనుగొన్నదానియందు వారికి కలుగు మమకారము వల్లెవేసినదానియందు కలుగదు.

తప్పుల సవరణ, మూల్యాంకనము

నేర్చువాని తప్పులు అతని మనస్సులో రూపొందుచున్న వ్యాకరణమునకు సాక్ష్యములని పిట్ కార్డర్ 1967లో ప్రతిపాదించెను. ఈ దృష్టి గల ఉపాధ్యాయుడు మాటనడుమ అడ్డుపడడు. ‘ఎస్టర్‌డే ఐ గో టు మార్కెట్’ అని పిల్ల చెప్పినపుడు, ‘ఓ, యు వెంట్ టు ద మార్కెట్! వాట్ డిడ్ యు బై?’ అని అతడు అడిగినచో, సరియైన రూపమును చెవిని పడును, సంభాషణమును తెగదు. పలువురు చేయు ఒకే తప్పును మాత్రము, ఎవరి పేరును ఎత్తక, తరువాతి పాఠమునకు విషయముగా గైకొనవలెను.

పరీక్ష ఏ మార్గమున నడచునో బోధనయు ఆ మార్గముననే నడచును. గీతగీసిన పదము ఏ భాషాభాగమో వ్రాయుమని అడుగు ప్రశ్నపత్రము నిర్వచనములను కంఠస్థము చేయించును; ఒక చిత్రమును చూచి అయిదు వాక్యములు చెప్పుమని అడుగు పరీక్ష వాక్యములను పలికించును. రెండవదానిని దిద్దుటకు శ్రమ యధికము, వ్యవధి యధికము. కాని బాలుని ప్రజ్ఞను కొలుచునది అదియే. ప్రాథమికదశలో వ్యాకరణము అవసరమా అను ప్రశ్నకు సమాధానము గూడ ఇందే యున్నది: వ్యాకరణము లేని భాష లేదు గనుక అది తప్పక అవసరము. అయితే ముందు వినికిడి, పిదప వాడుక, ఆ పిదప పరిశీలన, కట్టకడపట పేరు అను వరుస తప్పినచో, బిడ్డ పేర్లను నేర్చి భాషను కోల్పోవును. ఆ వరుసను కాపాడుట ప్రాథమికోపాధ్యాయుని ప్రథమధర్మము. అందులకు వలయు శిక్షణను, వ్యవధిని అతనికి సమకూర్చుట విద్యాశాఖల ధర్మము.