ఫిట్‌నెస్, ఫిగర్ పోటీలు

వ్యాయామంతో, కొలిచిన తిండితో తీర్చుకున్న శరీరాన్ని వేదిక మీద పక్కపక్కన నిలబెట్టి, పోల్చి చూసి స్థానాలిచ్చే పోటీలివి. ఎంత బరువు ఎత్తారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బాడీబిల్డింగ్ నుంచి విడివడిన ఈ రెండూ ఆడవాళ్ల విభాగాలు. ఫిగర్‌లో గుండ్రటి భుజాలు, విశాలమైన వీపు, సన్నని నడుము, వాటికి తగిన తొడలు ఒకదానికొకటి పొందికగా ఉండాలి. కండరం మీద చారలు తేలేంతగా ఒళ్లు ఎండితే మార్కులు తగ్గుతాయి. ఫిట్‌నెస్ విభాగంలో శరీరాన్ని చూపడంతో పాటు ఒకటిన్నర, రెండు నిమిషాల ప్రదర్శన కూడా ఉంటుంది. సంగీతానికి తగ్గట్టు పుషప్, హై కిక్, స్ట్రాడిల్ హోల్డ్, సైడ్ స్ప్లిట్ వంటివి చేసి చూపాలి. రెండింటిలో కష్టమైనది ఇదే. ఒంట్లో కొవ్వు అడుగంటిన రోజున జిమ్నాస్టిక్స్ చేయడం మాటలు కాదు.

శరీర సౌష్ఠవానికి పెద్ద ఎత్తున జరిగిన తొలి పోటీని బాడీబిల్డర్ యూజెన్ శాండో 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో నిర్వహించాడు. న్యాయనిర్ణేతల్లో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ ఒకరు. ఆడవాళ్ల పోటీల్లో బాడీబిల్డింగ్‌కు మిస్ ఒలింపియా 1980లో, ఫిట్‌నెస్ ఒలింపియా 1995లో, ఫిగర్ ఒలింపియా 2003లో మొదలయ్యాయి. మన దేశంలోని పోటీల్లో ఫిగర్ అన్న పేరు కన్నా స్పోర్ట్స్ ఫిజిక్, మోడల్ ఫిజిక్ అన్న పేర్లే ఎక్కువ వినిపిస్తాయి.

తెలుగు నేలకు కసరత్తు కొత్త కాదు. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండెకు బిగించిన ఇనుప గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలిపి దేశమంతా పేరు పొందాడు. తెలంగాణ తాలీంఖానాల్లో దండాలు, బస్కీలు, కర్లకట్టలతో ఉస్తాదులు పిల్లలను తయారు చేశారు. పాలమూరు జాతరల్లో కుస్తీకి నేటికీ జనం గుమిగూడతారు. అయితే ఇదంతా మగవాళ్ల లోకం. హైదరాబాదులో స్థిరపడిన కిరణ్ డెంబ్లా ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక వ్యాయామం మొదలుపెట్టి, 2013లో బుడాపెస్ట్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఆరో స్థానం సాధించింది. ఆమె నిలబడిన వేదిక కన్నా, ఇంటి పనుల మధ్య ఆమె మొదలుపెట్టిన వయసే ఎక్కువ మందికి ధైర్యమిచ్చి ఉంటుంది.

నగరం సంగతి అలా ఉంచి చిన్న ఊళ్లకు వస్తే, 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన వనపర్తి హైదరాబాదుకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇలాంటి ఊళ్లో పోటీకి తయారు కావాలంటే మొదట అడ్డొచ్చేది తిండి కాదు, బట్టలు. వేదిక మీద టూ పీస్ తప్పనిసరి, ఎత్తు మడమల చెప్పులూ తప్పనిసరి. అమ్మానాన్నలకు ఈ సంగతి చివరి వారంలో తెలియడం కన్నా మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పడం మేలు. నెలల తరబడి ఇంట్లో విడిగా వండుకుని తినాల్సిన పనికి ఇంటివాళ్ల తోడు లేకపోతే కుదరదు.

తయారీకి రెండు దశలు. ముందు కండ పెంచుకోవాలి. దీనికి నెలలు చాలవు, ఏళ్లు పడుతుంది. తర్వాత ఆ కండ పోకుండా కొవ్వును కరిగించాలి. జిమ్ములో దీన్నే కటింగ్ అంటారు. వారానికి శరీర బరువులో అర శాతం నుంచి ఒక శాతం వరకే తగ్గాలి. 64 కిలోల అమ్మాయి 56కు రావాలంటే వారానికి 450 గ్రాముల చొప్పున సుమారు 18 వారాలు పడుతుంది. నెలలో దించేస్తామని మాటిచ్చే వాళ్లు కొవ్వుతో పాటు కండనూ దించేస్తారు.

ఈ 18 వారాలూ ప్రోటీన్ కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున, అంటే రోజుకు 125 గ్రాముల దాకా కావాలి. ఖరీదైన డబ్బాలు కొనకుండానే ఇది కుదురుతుంది. ఆరు గుడ్లకు 36 గ్రాములు, 200 గ్రాముల బోన్‌లెస్ చికెన్‌కు 45, 50 గ్రాముల సోయా ముక్కలకు 26, గిన్నెడు పెరుగుకు 7, రెండు జొన్నరొట్టెలకు 8 గ్రాములు వస్తాయి. మొత్తం 122. ఇక పల్లి సంగతి. వనపర్తి, నాగర్‌కర్నూల్ చేలల్లో విరివిగా పండే పల్లిలో 100 గ్రాములకు 25 గ్రాముల ప్రోటీన్ ఉన్న మాట నిజమే. కానీ కొవ్వు 49 గ్రాములు, కేలరీలు 567. అదే ప్రోటీన్‌ను ఏడు గుడ్ల తెల్లసొనతో 120 కేలరీలకే తెచ్చుకోవచ్చు. పల్లి చట్నీ మానెయ్యనక్కర్లేదు, చెంచాతో కొలిచి వేసుకోవాలి. మన ఇళ్లలో పల్లీలను పిడికిలితో కొలవడమే అలవాటు. కటింగ్‌లో ఆ అలవాటు మార్చుకోవాలి.

పోజింగ్‌ను చాలామంది ఆఖరి నెలకు వదిలేస్తారు. అది తప్పు. ఫిగర్‌లో ముందు, పక్క, వెనక, మరో పక్క అని నాలుగు మలుపులు తిరుగుతూ, ప్రతి మలుపు దగ్గరా వీపు విప్పి, పొట్ట లోపలికి పట్టి, చిరునవ్వు చెదరకుండా నిలబడాలి. అద్దం ముందు రోజూ అరగంట చేసినా మొదట్లో తొడలు వణుకుతాయి. ముందు రోజు రాత్రి ఒంటికి ముదురు గోధుమ రంగు రెండు మూడు పూతలు వేస్తారు. వేదిక దీపాల కింద లేత చర్మం మీద కండర రేఖలు కనబడవు కాబట్టి ఈ పూత. ఆ రాత్రి పాత దుప్పటి పరుచుకుని, కాళ్లూ చేతులూ ఎడంగా పెట్టుకుని పడుకోవాలి. చెమట పడితే రంగు చారలు కడుతుంది. తెర వెనక సాగే బ్యాండ్లు లాగుతూ, ఇంత బెల్లమో తేనెచుక్కో నోట్లో వేసుకుని పిలుపు కోసం ఎదురుచూస్తారు.

ఈ పోటీల్లో ప్రాణానికి ముప్పు తెచ్చేది చివరి వారమే. నీళ్లు, ఉప్పు మానేస్తే చర్మం పల్చబడి కండలు తేలతాయన్న నమ్మకం జిమ్ముల్లో గట్టిగా ఉంది. అది శరీర ధర్మానికి విరుద్ధం. కండరంలో సుమారు ముప్పావు వంతు నీరే. కండలో నిల్వ ఉండే పిండిపదార్థం గ్లైకోజెన్ ప్రతి గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. నీళ్లు తగ్గిస్తే కండ ఉబ్బదు, వాడిపోతుంది. మూత్రం తెప్పించే మాత్రలు మింగితే పొటాషియం తగ్గిపోయి గుండె లయ తప్పుతుంది. ప్రొఫెషనల్ బాడీబిల్డర్ మొహమ్మద్ బెనజీజా 1992లో నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కొద్ది గంటలకే ఇలాగే చనిపోయాడు. ఈ మాత్రలూ, స్టెరాయిడ్లూ నిషిద్ధ మందుల జాబితాలో ఉన్నాయి. మన దేశంలో 2005లో ఏర్పడిన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ పరీక్షలు చేస్తుంది.

ఆడపిల్లలకు మరో గండం ఉంది. తిండి తక్కువై, శ్రమ ఎక్కువైతే నెలసరి ఆగిపోతుంది. ఎముకలు గుల్లబారతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి హెచ్చరించింది. కటింగ్‌లో ఇది మామూలే అనే కోచ్‌ల మాట నమ్మకూడదు. నెలసరి తప్పితే తిండి పెంచాలి, డాక్టరును కలవాలి, అవసరమైతే పోటీ మానుకోవాలి. వేదిక మీది శరీరం ఆ ఒక్క రోజుదే. పోటీ అయిపోయాక రెండు మూడు నెలల్లో ఐదారు కిలోలు మళ్లీ రావడం ఆరోగ్యానికి గుర్తే కానీ ఓటమి కాదు.

ఈ దారిలో అడుగు పెట్టాలనుకునే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ పిల్లలకు ఒక్క మనవి. పేరు నమోదు చేసుకునే ముందు రక్తపరీక్ష, ఈసీజీ చేయించుకోండి. నీళ్లు మానెయ్యమని గానీ, పేరు చెప్పకుండా మాత్ర మింగమని గానీ ఎవరన్నా అంటే, ఆ రోజే ఆ జిమ్ము మారండి.