మెడలో జంక్షను, కంటిలో తెర



మన కొత్తవలస స్టేషను ఎరగని వారుండరు. విశాఖ వైపు నుంచి వచ్చిన రైలుదారి ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి విజయనగరం పోతుంది. రెండోది శృంగవరపుకోట మీదుగా అరకు కొండలెక్కి కిరండూలు పోతుంది. జంక్షనులో అడ్డం పడితే పై ఊళ్లకు సరుకు అందదు కదా! మన మెడలోనూ అటువంటి జంక్షనే ఉంది. గుండె నుంచి వచ్చే ధమని దవడ కింద చీలి, ఒక పాయ ముఖానికి, ఒక పాయ మెదడుకు వెళ్తుంది. కంటికి రక్తం మెదడు పాయ నుంచే. కొవ్వు పేరుకుని దారి ఇరుకయ్యేది ఎక్కువగా ఆ చీలిక దగ్గరే.

ఈ సంగతి తేలడానికి చాలా కాలం పట్టింది. కంటి లోపలికి చూసే పరికరాన్ని జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1851లో లోకానికి తెలిపాడు. సరిగ్గా నూరేళ్లకు, 1951లో, కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్ ఒక చిక్కుముడి విప్పాడు. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయిన రోగి, అంతకుముందు కుడికంటి చూపు కాసేపు పోయి వచ్చిందని చెప్పాడు. వింతగా లేదూ? కానీ ఎడమ అంగాలను నడిపేది కుడి మెదడు. దానికీ, కుడికంటికీ రక్తం వచ్చేది కుడి మెడలోంచే. అడ్డంకి అక్కడుందన్నమాట!

కంటి వెనకనున్న రెటీనాకు ప్రాణవాయువు క్షణం తప్పకూడదు. రక్తం మందగిస్తే ఉన్నదాంట్లోంచే అది ఎక్కువ లాక్కుంటుంది. అప్పుడు తిరిగి వెళ్లే రక్తం నల్లబారుతుంది. 1963లో అమెరికాలో హికమ్ బృందం ఫొటోల సాయంతో రెటీనా సిరల్లోని ప్రాణవాయువును లెక్కకట్టింది. అదే ఏడాది కెర్న్స్, హోలెన్‌హోర్స్ట్ అనే వైద్యులు, మెడ ధమని మూసుకుంటే రెటీనా సిరలు ఉబ్బి నెత్తురు చిమ్ముతుందని వివరించారు. అయితే మెదడు అడుగున అడ్డదారులున్నాయని 1664లోనే థామస్ విల్లిస్ వర్ణించాడు. అందుకే దారి ఇరుకైనా కొందరికి ఏ బాధా తెలియదు. పేరుకున్న కొవ్వులోంచి చిన్న ముక్క ఊడి కంటినాళంలో చిక్కుకుంటే మాత్రం చూపు ఠక్కున పోతుంది.

1954లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో, ఇలా మాటిమాటికీ చూపూ మాటా తప్పుతున్న ఒక స్త్రీకి ఇరుకైన ముక్క కోసి తీసి నాళాన్ని తిరిగి అతికారు. ఆమె కోలుకుంది.

మన ఇళ్లలో ఏం చేస్తాం? అత్తగారు "ఓ కంటికి తెర దిగినట్టయి పోయిందమ్మా" అంటే, "నీరసంలెండి, మజ్జిగ తాగి పడుకోండి" అంటాం. నొప్పి లేదు, చూపూ తిరిగొచ్చింది, ఇంకేం అనుకుంటాం. ఆ తెర పక్షవాతానికి ముందొచ్చే కబురు కావచ్చు. ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, మెడ నాళాలను కూడా పరీక్ష చేయించండి. రక్తపోటు, చక్కెర అదుపులో ఉంచండి. మన వైపు అమ్మలూ, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకునే ఆ అడ్డపొగ మానండి. పొగ నాళాలను పాడుచేస్తుంది.

కన్ను ఒక్కసారి చెబుతుంది. విందాం.