క్లూ అంటే నూలుండ

"నాకైతే క్లూ లేదు బాస్!" ఆఫీసులో రోజుకి పదిసార్లైనా వినబడే మాట. ఈ క్లూ అనే మాటకి మొదటి అర్థం ఆధారం కాదు, నూలుండ అని తెలిసినప్పుడు, మంగళగిరిలో మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి కదా, భలే సంతోషమేసింది.

మాట పాత ఇంగ్లీషుదే. దానికి ఇప్పటి అర్థాన్నిచ్చింది మాత్రం గ్రీకు పురాణం. క్రీటు ద్వీపాన్నేలే మైనోస్ రాజు, ఎద్దు తల, మనిషి ఒళ్ళు ఉన్న మినోటార్‌ని ఒక చిక్కుదారుల కోటలో బంధించాడు. దానికి మేతగా ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిల్నీ, ఏడుగురు అమ్మాయిల్నీ పంపించాలి. దాన్ని చంపడానికి థీసియస్ బయల్దేరాడు. చంపడం సరే, బయటికి రావడమెలా? మన అభిమన్యుడి సమస్యే! రాజుగారి కూతురు అరియాడ్నే అతన్ని ప్రేమించి, ఆ కోట కట్టిన డెడాలస్‌నే కిటుకు అడిగి (కోడ్ రాసినవాణ్ణే అడగడమన్నమాట), ఒక నూలుండ చేతికిచ్చింది. కొస గుమ్మానికి కట్టి, ఉండ విప్పుకుంటూ లోపలికెళ్ళి, పని ముగించి, అదే దారం పట్టుకుని థీసియస్ బయటపడ్డాడు.

14వ శతాబ్దంలో ఛాసర్ ఈ కథ చెప్పినప్పుడు ఆ ఉండని క్లూ అనే అన్నాడు. అప్పట్లో స్పెల్లింగు వేరు. కథ జనం నోళ్ళలో నాని నాని, 'చిక్కులోంచి దారి చూపే దారం' కాస్తా 'చిక్కు విప్పే ఆధారం' అయింది. చివరికి దారం మాయమై అర్థం ఒక్కటే మిగిలింది.

మా ఊళ్ళో ఇంకా మాయం కాలేదు లెండి. మంగళగిరి చీరకి వాడే పేరున్న నూలు 80 కౌంటు. అంటే 840 గజాల చిలపలు ఎనభై కలిపితే ఒక పౌను బరువు. లెక్క కట్టి చూడండి, సుమారు 61 కిలోమీటర్లు! ఒక్క పౌను నూలు పట్టుకుని మంగళగిరి నుంచి గుంటూరు వెళ్ళి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది.

ఇంకో సంగతి. పడుగు అయిపోతే నేతగాడు అచ్చులోంచి పాత పోగులు మొత్తం లాగెయ్యడు. కొసలు అలాగే ఉంచి, కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి అతుకుతాడు. పాత కొస వదిలేస్తే వేల పోగుల్నీ మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించుకోవాలి. థీసియస్ గుమ్మానికి కొస కట్టింది కూడా ఇందుకే కదా.

కథలో నాకు గుచ్చుకునేది చివరి ముక్క. బయటపడ్డ థీసియస్ అరియాడ్నేని ఓడలో వెంటబెట్టుకెళ్ళి, నాక్సోస్ ద్వీపంలో నిద్రపోతుంటే వదిలేసి తన దారిన తను పోయాడని ఎక్కువమంది చెబుతారు. దారిచ్చినమ్మాయి ఒడ్డునే ఉండిపోయింది.

నా ఇంజనీరింగు ఫీజు మా నాన్న గుంట మగ్గంలో కూర్చుని నేసిన చీరల డబ్బు. ఆ దారం పట్టుకునే నేను బయటికొచ్చాను. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆయన పక్కన కూర్చుని పోగులు అతకబోయాను. పది కూడా అతకలేదు, వేళ్ళు మొరాయించాయి. "నీకెందుకురా ఇది, లే" అన్నారు నాన్న నవ్వుతూ. ఆ మాట నా మంచికే అన్నారని తెలుసు. అయినా లేవబుద్ధి కాలేదు.