స్లో ఎయిర్: కాగితానికి చిక్కని నడక

స్కాట్లండ్ ఫిడేలు సంగీతం నేర్చుకునేవారికి నాట్యానికి వాయించే రీళ్లు సాధనతో చేతికొస్తాయి. స్వరాలు తక్కువగా, వేగం లేకుండా ఉండి కూడా చెయ్యి తిరిగినవాళ్లను కూడా తడబడేలా చేసేది స్లో ఎయిర్. విలంబంలో సాగే ఈ వరసల స్వరాలు పుస్తకంలో దొరుకుతాయి, నడక మాత్రం దొరకదు. లోపం నేర్చుకునేవారిది కాదనీ, 18, 19 శతాబ్దాల్లో ఆ పుస్తకాలు తయారైన తీరులోనే ఉందనీ నా వాదన.

1784లో ప్యాట్రిక్ మెక్‌డొనాల్డ్ అనే మతబోధకుడు హైలాండ్స్ ప్రాంతపు గేలిక్ భాషా పాటల వరసలను అచ్చు వేయించాడు. అందులో కొంత భాగం సేకరించింది తమ్ముడు జోసెఫ్. అతను ఈస్టిండియా కంపెనీ కొలువులో మన దేశానికి వచ్చి, పాతికేళ్లయినా నిండకుండా 1763లో ఇక్కడే చనిపోయాడు. పల్లె గాయకులు భావం పలికే స్వరాల మీద నిలిచి, మధ్య స్వరాలను చకచకా దాటేస్తారనీ, వింటున్నవారికి లెక్క అందదనీ ప్యాట్రిక్ ముందుమాటలో రాశాడు. తమ్ముడు విన్నది విన్నట్టు రాసుకుంటే, అన్న దాన్ని కొలతకు సర్దాడు. చేసిన పని దాచకుండా చెప్పినందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. 1816లో సైమన్ ఫ్రేజర్ తన ప్రసిద్ధ సంకలనం వెలువరించేనాటికి ఈ వరసలకు పియానోకు తగిన స్వరమేళనం కూడా చేరింది. పియానో పక్కన వాయించాలంటే అందరూ ఒకే లెక్కలో నడవక తప్పదు.

ఆ పల్లె గాయకులు లెక్క తప్పారా? లేదు, వారి లెక్క మాటల్లో ఉంది. గేలిక్‌లో మన హ్రస్వ దీర్ఘాల్లాగే అచ్చుల నిడివిని బట్టి అర్థమే మారిపోతుంది. దీర్ఘం ఉన్నచోట స్వరం సాగుతుంది, హ్రస్వం ఉన్నచోట తెగుతుంది. అందుకే తాళం లేదు కదా అని తోచినట్టు సాగదీయడం స్లో ఎయిర్ కాదు. దాన్ని మన రాగాలాపనతో పోల్చడం కూడా పొరపాటే. ఆలాపనలో కళాకారుడు రాగాన్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. ఇక్కడ వరస స్థిరం, పాదం స్థిరం, ఊపిరి తీసుకునే చోటు కూడా దాదాపు స్థిరమే. స్వరాల మీది చిన్న అలంకారాలకూ ఇలాంటి కారణమే ఉంది. బ్యాగ్‌పైప్‌లో ఉన్నవి తొమ్మిదే స్వరాలు, నాదం ఎక్కడా ఆగదు, పెంచడానికీ తగ్గించడానికీ వీల్లేదు. ఒకే స్వరాన్ని రెండుసార్లు వినిపించాలంటే మధ్యలో మరో స్వరాన్ని మెరుపులా తాకించాలి. పైపులో అవసరంగా పుట్టిన ఈ పద్ధతి ఫిడేలు చేతిలో అందంగా మారింది.

లెక్క మాటల్లోనే ఉందన్న వాదనకు గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. పేరుమోసిన స్లో ఎయిర్లు కొన్ని అసలు పాటలే కావు. రెండో భార్య పోయిన దుఃఖంలో ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ కట్టిన విలాపం ఫిడేలు కోసం పుట్టింది. 1903లో సేనాని హెక్టర్ మెక్‌డొనాల్డ్ ఆత్మహత్య తర్వాత జేమ్స్ స్కాట్ స్కిన్నర్ కట్టిన వరసా అంతే. స్కిన్నర్ స్వరలిపి క్షుణ్ణంగా చదివినవాడు, తన రచనలను తానే అచ్చు వేయించినవాడు. కాగితం అతనికి శత్రువు కాదు. ఇంతవరకు ఒప్పుకోవలసిందే. అయితే గౌ విలాపాన్ని పుస్తకంలో ఉన్న ఆరు మాత్రల లెక్కకు కచ్చితంగా కట్టేసి వాయించి చూస్తే అది జోలపాటలా ఊగుతుంది, ఏడుపు వినపడదు. పాదం చివరి స్వరం మీద కాస్త ఆగి, తర్వాతి పాదాన్ని ఆలస్యంగా ఎత్తుకుంటేనే అది విలాపం అవుతుంది. మాటలు లేని వరసకు కూడా పాడేవాడి ఊపిరే కొలత.

అచ్చు లేకపోతే ఈ వరసల్లో చాలా భాగం మిగిలేది కాదనేది మరో మాట. నిజమే. 1746లో కల్లోడెన్ యుద్ధంలో హైలాండ్స్ తిరుగుబాటు సేన ఓటమి, ఆపైన భూముల నుంచి గెంటివేతలు, సముద్రాలు దాటిన వలసలు గేలిక్ పల్లెలను ఖాళీ చేశాయి. మెక్‌డొనాల్డ్ సోదరులు, ఫ్రేజర్ రాయకపోతే చాలా వరసలు పాడేవారితోనే పోయేవి. కానీ పుస్తకం కాపాడినది స్వరాలను. నడకను పట్టుకోగల పరికరం రావడానికి చాలా కాలం పట్టింది. 1951లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ మొదలయ్యాక హామిష్ హెండర్సన్, కాలమ్ మెక్లీన్ వంటివారు టేప్ రికార్డర్లు పట్టుకుని ఊళ్లకు వెళ్లారు. అప్పుడు నమోదైన గొంతుల్లో, ప్యాట్రిక్ మెక్‌డొనాల్డ్ చెవికి అడ్డదిడ్డంగా తోచిన ఆ నిలుపులూ పరుగులూ నేటికీ వినపడతాయి.

నేర్చుకునే క్రమం కూడా దీన్ని బట్టే ఉండాలి. ముందు గేలిక్ గాయకుల పాట వినాలి, అర్థం తెలియకపోయినా మాటలతో కలిపి గొంతెత్తి పాడాలి, ఆ తర్వాతే కమాను పట్టాలి. 1981లో స్కాట్లండ్‌లోని బారా దీవిలో మొదలైన ఫేష్ అనే పిల్లల సంగీత శిక్షణ ఉత్సవాలు చెవితో నేర్చుకోవడానికే పెద్దపీట వేశాయి. అక్కడ వరసను పాదం పాదంగా విని తిరిగి వాయిస్తారు.