వసకొమ్ము నుంచి స్పీచ్ థెరపీ దాకా: కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లల మాట కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. పిల్లకు మాట రాకపోతే, పాలు మింగుడుపడకపోతే, మన కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఇండ్లల్ల ఏం చేసేవాళ్లు? దానికి వైద్యం ఎప్పుడు వచ్చింది, మన దాకా ఎంతవరకు వచ్చింది? ఇయ్యాల అదే మాట్లాడుకుందాం.

ముందు మన భాషనే అడుగుదాం. ఆగకుండా మాట్లాడే పిల్లను ఏమంటాం? వసపిట్ట అంటాం. వసకొమ్ము అరగదీసి పసిపిల్ల నాలుకకు రాస్తే మాటలు బాగా వస్తాయని పెద్దల నమ్మకం. ఈ మొక్కకు సంస్కృతంలో పేరు 'వచ'. వచనం, వాక్కు అనే మాటలు దానికి చుట్టాలే. అంటే మాట ఆలస్యమైతే ఏదో ఒకటి చెయ్యాలన్న ఆరాటం మనకు కొత్త కాదు. అయితే ఒక సంగతి చెప్పుకోవాలి. వసలో ఉండే ఒక పదార్థం వల్ల ఎలుకల్లో కణితులు వచ్చినట్టు తేలితే, 1968లో అమెరికా దాన్ని తినే పదార్థాల్లో వాడొద్దని నిషేధించింది. కాబట్టి ఆ మాటను దాచుకుందాం గానీ, కొమ్మును పిల్ల నోట్లో పెట్టొద్దు.

రెండో మాట గ్రహణం మొర్రి. కడుపుతో ఉన్నామె గ్రహణం చూస్తే పిల్లకు పెదవి చీలుతుందన్నారు. నిజానికి అది గర్భం మొదటి మూడు నెలల్లో పెదవి, అంగిలి కలవాల్సిన చోట కలవకపోవడం. పేరులోనే నింద తల్లి మీద పడ్డది. ఆ నింద భయానికే ఎంతమంది తల్లులు పిల్లను కొంగు చాటున దాచుకున్నారో.

మూడోది ఉగ్గుగిన్నె. కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద పండబెట్టి, ముక్కు ఉన్న గిన్నెతో ఉగ్గు పోసేవాళ్లు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎట్లనో మింగేసేవాళ్లు. కానీ సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లకు నాలుక, దవడ, గొంతు కండరాలు మాట వినవు. అట్లా పండబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తాగేటప్పుడు దగ్గు, కండ్లల్ల నీళ్లు, గొంతులో గురగుర, మళ్లీ మళ్లీ నిమోనియా. అందరూ దిష్టి అనుకునేవాళ్లు.

ఇక వైద్యం సంగతికి వద్దాం. అమెరికాలో ఈ వృత్తి వాళ్ల సంఘం 1925లో ఏర్పడ్డది. ఇంగ్లండ్‌లో 1945లో. మన దేశంలో పెద్ద అడుగు 1965లో పడ్డది. మైసూరులో కేంద్ర ప్రభుత్వం వాక్ శ్రవణ సంస్థను పెట్టింది. తెలుగు నేలకు దగ్గరైంది 1980లలో. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. అంతకు ఒక ఏడాది ముందు బొంబాయిలో అలీ యావర్ జంగ్ పేరు మీద వినికిడి లోపాల జాతీయ సంస్థ మొదలైంది. తర్వాత దాని ప్రాంతీయ కేంద్రం కూడా సికింద్రాబాద్‌కు వచ్చింది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాదీనే, ఉస్మానియా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా చేసినాయన.

బాగానే ఉంది. కానీ కరీంనగర్ నుంచి హైదరాబాద్ నూట అరవై కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి మూడు వందలు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆపరేషన్‌కు ఒకటి రెండుసార్లు పోయిరావచ్చు. అప్పో సప్పో చేసి పోతారు. థెరపీ అట్లా కాదు. వారం వారం, ఏండ్ల తరబడి. కూలికి పోయే తల్లి వారానికి రెండు రోజుల కూలి వదులుకొని బస్సెక్కగలదా? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. దాని కింద వినికిడి లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ కూడా చేస్తున్నారు. గొప్ప విషయం. కానీ ఆ యంత్రం శబ్దాన్ని లోపలికి తెస్తుంది గానీ మాట నేర్పదు. మాట నేర్పేది ఆ తర్వాతి థెరపీ. మొర్రి కూడా అంతే. అంగిలి కుట్టినంత మాత్రాన ముక్కుతో వచ్చే మాట దానంతట అదే సరికాదు.

ఈ దూరం తగ్గించడానికే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. డాక్టర్ల టీం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లలను చూడాలి. లోపం కనబడితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. అక్కడ స్పీచ్ థెరపిస్ట్ ఉండాలని రూల్‌లోనే రాసిన్రు. మండలంలో భవిత కేంద్రాలు కూడా ఉన్నాయి. 2016 చట్టం వైకల్యాల లిస్టును 7 నుంచి 21కి పెంచింది. మాట, భాష వైకల్యం దాంట్లో విడిగా చేరింది. అదే ఏడాది అక్టోబర్‌లో పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. అంటే నాలుగు చోట్ల థెరపిస్టులు కావాలి. కాగితం మీద పోస్టు ఉండుడు వేరు, కుర్చీలో మనిషి ఉండుడు వేరు.

ఆదిలాబాద్‌కు ఇంకో మెలిక ఉంది, భాష. ఇంట్లో గోండి, కొలామి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ. తెలుగు బొమ్మల పుస్తకం చూపించి 'ఇదేంది' అంటే గోండు పిల్ల నోరు తెరవకపోవచ్చు. అది మాట లోపమా, భాష తెలియకనా? రెండు తప్పులూ జరుగుతాయి. బాగున్న పిల్లకు లోపం అంటగడతారు. నిజంగా లోపం ఉన్న పిల్లను 'తెలుగు రాదు, బడికి పోతే వస్తది' అని వదిలేస్తారు. 1943లోనే హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టి, గోండిలోనే వాచకాలు చేయించిండు. పిల్లకు ముందు ఇంటి భాషలో నేర్పాలన్న ఎరుక ఈ అడవుల్లో ఎనభై ఏండ్ల కిందనే ఉండె. థెరపీకి కూడా అదే దారి.

చివరగా ఒక జాగ్రత్త. థెరపీ అంటే పీపీలు ఊదించుడు, బుడగలు ఊదించుడు, నాలుక అటూ ఇటూ తిప్పించుడు అనుకుంటారు. 2008లో అమెరికాలో అడిగి చూస్తే నూటికి 85 మంది థెరపిస్టులు అవి చేయిస్తున్నామన్నారు. కానీ వాటితో మాట స్పష్టమవుతుందనడానికి గట్టి రుజువు దొరకలేదు. మాట మాటతోనే వస్తది. 'క' రావాలంటే 'క' ఉన్న మాటలు పలికించాలి. తిండి నేర్పాలంటే తిండితోనే నేర్పాలి. పిల్లను నిటారుగా కూర్చోబెట్టి, మెల్లగా, చిన్న చిన్న ముద్దలతో. పల్చటి నీళ్లకు పొలమారే పిల్లల్లో కొందరు చిక్కటి జొన్న గట్కను మింగగలుగుతారు. ఎంత చిక్కగ ఉండాలన్నది థెరపిస్ట్ పిల్ల మింగుడు చూసి చెప్పాలి.

ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాకపోతే, పాలు తాగిన ప్రతిసారి దగ్గితే, 'వాళ్ల నాయనకు కూడా లేటుగనే వచ్చినయి' అని ఆగకండి. ముందు చెవి పరీక్ష చేయించండి. ఆశా వర్కర్‌నో, అంగన్‌వాడీ టీచర్‌నో అడిగి జిల్లా కేంద్రానికి రాయించుకోండి. అక్కడ థెరపిస్ట్ లేకపోతే ఎందుకు లేరని కూడా అడగండి. మైసూరు నుంచి సికింద్రాబాద్‌కు రావడానికి ఈ వైద్యానికి ఇరవై ఏండ్లు పట్టింది. సికింద్రాబాద్ నుంచి ఉట్నూరుకు ఇంకా నడుస్తనే ఉంది. అది తొందరగా రావాలంటే అడిగేటోళ్లు ఉండాలె.