టెలిమెడిసిన్

టెలిమెడిసిన్ లేదా దూరవైద్యం అనగా రోగి ఒకచోట, వైద్యుడు మరొకచోట ఉండగా టెలిఫోను, ఉపగ్రహం, అంతర్జాలం వంటి సాధనాల ద్వారా వైద్యసేవలు అందించే విధానం. నిపుణులైన వైద్యులు ఎక్కువగా నగరాలలోనే ఉండటం వలన పల్లెల రోగులకు ప్రయాణపు ఖర్చు, కూలి నష్టం తప్పించడానికి ఇది ఉపయోగపడుతుంది. భారతదేశంలో దీని తొలి ప్రయోగాలలో ఒకటి చిత్తూరు జిల్లాలోని అరగొండలో జరిగింది.

చరిత్ర

నెదర్లాండ్స్‌కు చెందిన విల్లెం ఐంతోవెన్ 1905లో లైడెన్ నగర ఆసుపత్రి నుండి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ ద్వారా రోగుల గుండె విద్యుత్ సంకేతాలను రప్పించి నమోదు చేశాడు. 2001 సెప్టెంబరు 7న న్యూయార్కులోని శస్త్రవైద్యులు రోబో సాయంతో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగి పిత్తాశయాన్ని తొలగించారు.

అరగొండ ప్రయోగం

తవణంపల్లె మండలంలోని అరగొండ, అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం. ఇక్కడి ఆసుపత్రిని ఆ సంస్థకు చెందిన నగర ఆసుపత్రుల నిపుణులతో అనుసంధానించారు. మొదట సాధారణ వెబ్ కెమెరాలు, ఐఎస్‌డీఎన్ టెలిఫోను లైన్లు వాడారు. తరువాత ఇస్రో ఉపగ్రహ సంధానం (వీశాట్) సమకూర్చింది. 2000 మార్చి 24న హైదరాబాదు పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఈ కేంద్రాన్ని ప్రారంభించాడు.

పనిచేయు విధానం

దూరవైద్యంలో ప్రధానంగా రెండు పద్ధతులు ఉన్నాయి.

* ప్రత్యక్ష పద్ధతి: రోగి, వైద్యుడు ఒకే సమయంలో వీడియో లేదా ఫోను ద్వారా మాట్లాడుకుంటారు.
* నిల్వచేసి పంపే పద్ధతి: ఎక్స్‌రే, ఈసీజీ, చర్మం లేదా కంటి ఛాయాచిత్రాలను ముందుగా పంపుతారు. నిపుణుడు వీలు చూసుకొని పరిశీలించి అభిప్రాయం తెలుపుతాడు.

ప్రభుత్వ సేవలు

కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో ఈ-సంజీవని సేవను ప్రారంభించింది. ఇందులో గ్రామ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది రోగిని పరీక్షించి, వివరాలను దూరాన ఉన్న వైద్యుడికి చేరవేస్తారు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో, రోగులు ఇంటి నుండే వైద్యుని సంప్రదించే సదుపాయం కలిగింది. 2023 ఫిబ్రవరి నాటికి ఈ సేవ ద్వారా జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వీటిలో 3 కోట్లకు పైగా నమోదైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో ప్రథమ స్థానంలో నిలిచింది.

నియమాలు, పరిమితులు

2020 మార్చి 25న వెలువడిన మార్గదర్శకాల ప్రకారం నమోదైన వైద్యులు మాత్రమే ఈ విధానంలో మందులు వ్రాయవచ్చును. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందులు వ్రాయరాదు. అత్యవసర స్థితిలో రోగిని త్వరగా ఆసుపత్రికి పంపవలెను.

దూరాన ఉన్న వైద్యుడు రోగిని చేతితో తాకి చూడలేడు. సూది వేయడం, కట్టు కట్టడం వంటి పనులు చేయలేడు. కడుపు నొక్కి చూడటం, రక్తపోటు కొలవడం, రక్త నమూనా తీయడం వంటివి రోగి వద్ద ఉన్న సిబ్బందే చేయాలి. కనుక శిక్షణ పొందిన సిబ్బంది, విద్యుత్తు, పరీక్షా పరికరాలు, వ్రాసిన మందులు గ్రామంలో అందుబాటులో ఉన్నప్పుడే నిపుణుని సలహా చికిత్సగా మారుతుంది. అందువలన దూరవైద్యం స్థానిక ఆరోగ్య కేంద్రానికి తోడుగా పనిచేయగలదు గాని, దానికి ప్రత్యామ్నాయం కాదు.